పాత కంప్యూటరుకు కొత్త వ్యవస్థ: డిస్కు రాసే వేళ జాగ్రత్తలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిపోయిన సంగతి పాఠక మిత్రులకు విదితమే. విండోస్ 11 కోరే అర్హతలు లేని కంప్యూటర్లు మనలో పలువురి ఇళ్లలో ఉన్నాయి. వాటిని పారవేయనవసరం లేదు. లినక్స్ నెలకొల్పుకుంటే పిల్లల చదువుకు చక్కగా అక్కరకు వస్తాయి. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి గ్రామాలకు ఈ మాట మరింత వర్తిస్తుంది. అక్కడికి కొత్త యంత్రం సముద్రం దాటి రావలసిందే కదా!

2020 ఆగస్టు 10న సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేంత వరకు ఆ ద్వీపాలకు ఉపగ్రహమే ఆధారం. పెద్ద ఫైళ్లను దించుకోవడం నేడు సులభమైంది. వాటిని డిస్కుపైకి ఎక్కించే దగ్గరే పలువురు చిక్కుపడుతున్నారు. అందుకు కారణాలను వరుసగా పరిశీలిద్దాం.

మొదటిది పరిమాణం. 4.7 జీబీ అని ముద్రించిన డీవీడీలో పట్టేది సుమారు 470 కోట్ల బైట్లు. కంప్యూటర్ దీనిని 1024 లెక్కన 4.38 జీబీగా చూపుతుంది. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఇమేజ్ 5 జీబీ దాటినందున ఇందులో ఇమడదు. దానికి 8.5 జీబీ డ్యుయల్ లేయర్ డిస్కు, దానిని రాయగల డ్రైవు కావాలి. డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ ఒక జీబీకి లోపే ఉంటుంది; మిగిలినది ఇంటర్నెట్ ద్వారా వస్తుంది.

రెండవది ఫైలు శుద్ధత. దించుకున్న ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యను లెక్కించి, తయారీదారు ప్రకటించిన 64 అక్షరాలతో పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పనికిరాదు, మళ్లీ దించుకోవాలి.

మూడవది రాసే విధానం. ఐఎస్‌ఓ ఫైలును మామూలు ఫైలులా డిస్కులో వేస్తే కంప్యూటర్ దానితో ప్రారంభం కాదు. విండోస్ 7 నుండి ఉన్న 'బర్న్ డిస్క్ ఇమేజ్' సౌకర్యాన్ని వాడాలి. రాసిన డిస్కును తెరిచినప్పుడు ఫోల్డర్లు కనిపిస్తే సరే. ఐఎస్‌ఓ ఫైలు ఒక్కటే కనిపిస్తే పద్ధతి తప్పినట్లే.

నాలుగవది వేగం. పాత డ్రైవుల్లో నాలుగు రెట్ల వేగం ఎంచుకోవడం శ్రేయస్కరం. నిండు డిస్కుకు దాదాపు 14 నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో కరెంటు పోతే ఒకేసారి రాయదగిన డిస్కు వృథా అవుతుంది. రాసిన తరువాత 'వెరిఫై' చేయడం మరువరాదు.

ఇంతా చేసినా యంత్రం డిస్కును పట్టించుకోకపోతే, బయోస్‌లో బూట్ క్రమాన్ని మార్చి డీవీడీ డ్రైవును ముందుంచాలి. పెన్‌డ్రైవు ఉన్నవారు ఇమేజ్‌ను నేరుగా దానికే రాసుకోవచ్చు. అయితే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీకి మించిన ఒంటి ఫైలు నిలవదని గమనించాలి.

చివరిగా ఒక మనవి. కొత్త వ్యవస్థను నెలకొల్పేటప్పుడు హార్డ్‌డిస్కులోని సమాచారమంతా చెరిగిపోయే అవకాశం ఉంది. కుటుంబ ఛాయాచిత్రాలను, భవిష్యనిధి పత్రాలను, పిల్లల ధ్రువపత్రాలను ముందుగానే వేరొక చోట భద్రపరచి, అవి అక్కడ తెరుచుకుంటున్నాయని చూసుకున్న తరువాతే పని ప్రారంభించవలసిందిగా కోరుతున్నాము.