తొట్టిలో ఎన్ని చేపలు?

ఒక బాలునకు పుట్టినదినమున ఒక అద్దపు తొట్టి బహుమానముగా లభించెను. దాని పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, లోతు 30. అతడు వెంటనే అంగడికి పోయి, నాలుగేసి సెంటీమీటర్ల బంగారు చేపలను 15 కొని తెచ్చి అందులో విడిచెను. అవి ఈ మూలనుండి ఆ మూలకు హాయిగా ఈదుచుండగా చూచి, ఇంకను పదింటికి చోటున్నదని తలంచెను. మూడవనాటి వేకువన చూడగా చేపలన్నియు నీటిపైకి చేరి నోళ్లు తెరచుచు మూయుచు ఉండెను. రెండు చేపలు వెల్లకిల తేలియుండెను. ఆకలిగొన్నవి కాబోలునని ఇంటివారు మరికొంత మేత చల్లిరి. దానివలన కీడు మరింత హెచ్చెను.

ఆ చేపలకు కొఱవడినది చోటు కాదు. రైలుపెట్టెలో కూర్చుండు స్థలమును లెక్కించినట్లు తొట్టిలోని స్థలమును లెక్కింపరాదు. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. ఆ వాయువు నీటిలోనికి ముఖ్యముగా పైతలమునుండియే దిగును. కావున నీరెంత యున్నదని అడుగుటకంటె, గాలి తగులు నీటితలమెంత యున్నదని అడుగుట యుక్తము. పై తొట్టిలో 54 లీటర్ల నీరు పట్టును. దాని పైతలము 1800 చదరపు సెంటీమీటర్లు. అంతే నీటిని 30 సెంటీమీటర్ల చదరము, 60 సెంటీమీటర్ల ఎత్తు గల పాత్రలో పోసినచో పైతలము 900 కు తగ్గును. నీరు మాత్రము చుక్కయైనను తగ్గలేదు! గుండ్రని గాజుబుడ్డిని మెడవరకు నింపువారు తెలియకయే చేపకు ఊపిరి తగ్గించుచున్నారు. దానిని సగమువరకే నింపినచో పైతలము విశాలముగా ఉండును.

వేడిమి ఇంకొక చిక్కు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల మంచినీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును; 30 డిగ్రీలయందు ఏడున్నర మాత్రమే. నీరు వేడెక్కినకొలది చేపకు కావలసిన వాయువు హెచ్చును, దొరకునది తగ్గును. నీటిమొక్కలు పగటివేళ ప్రాణవాయువును ఇచ్చును గాని, రాత్రి అవియును దానినే పీల్చును. అందువలన వేకువజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా ఉండును. కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు గల రైతులకు ఈ సంగతి చక్కగా తెలియును. మబ్బు కమ్మిన దినముల తరువాతి వేకువలయందు వారు చెరువులలో గాలికలుపు యంత్రములను త్రిప్పించుచుందురు. తొట్టిలో గాలిపంపు చేయు పని యిదియే. కాని పంపును నమ్మి చేపలను రెట్టింపు చేసినవారు, కరెంటు పోయిన ఒక్క రాత్రికే వానిని పోగొట్టుకొనవచ్చును.

ఊపిరి తరువాతి చింత మలినము. చేప విసర్జించు అమ్మోనియా కంటికి కనబడదు. నీరు తేటగా ఉన్నను అది విషమే. తినక మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు 1849 లో సుమారు 12 గాలనులు పట్టు గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచి పరీక్షించెను. కొంతకాలమునకు మొక్క ఆకులు క్రుళ్లి నీరు మురికియయ్యెను. అతడు కొన్ని నత్తలను విడువగా, అవి ఆ క్రుళ్లును తినివేసెను. నీరు మరల తేటపడెను. 12 గాలనులనగా మన బాలుని తొట్టియంతయే. ఆ శాస్త్రజ్ఞుడు అందులో ఉంచినవి రెండే చేపలు!

అమ్మోనియాను అంతగా హానిచేయని నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు తొట్టి ఇసుకలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. క్రొత్త తొట్టిలో ఒక్కనాడే 15 చేపలను విడుచుటలోని పొరపాటు ఇదియే. మొదట రెండు మూడు చిన్న చేపలను విడిచి, మిగిలినవానిని వారముల తరబడి కొలదికొలదిగా చేర్చవలెను. వారమునకొకమారు నాలుగవవంతు నీటిని తీసి క్రొత్తనీరు పోయవలెను. కుళాయినీటిలో క్లోరిను ఉండును గనుక దానిని ముందుగా ఒకదినము తెరచియుంచుట మేలు.

ఇక లెక్క. ఉష్ణదేశపు చిన్న చేపలకు, తోక విడిచి ఒక్కొక్క సెంటీమీటరు పొడవునకు 30 చదరపు సెంటీమీటర్ల పైతలము కావలెనని పెంపకందారులు చిరకాలముగా లెక్కింతురు. బంగారు చేపలకు రమారమి 75 కావలెను. బాలుని తొట్టికి మొదటి లెక్క ప్రకారము 60 సెంటీమీటర్ల చేపలు, రెండవ లెక్క ప్రకారము 24 సెంటీమీటర్ల చేపలు తగును. అంగడిలోని పొడవును కాక, పెరిగిన తరువాతి పొడవునే కొలువవలెను. పొడవు రెట్టింపైనచో బరువు రమారమి ఎనిమిది రెట్లగును. నాలుగు సెంటీమీటర్ల బంగారు చేప పదునారు సెంటీమీటర్లకు ఎదుగునప్పటికి బరువు 64 రెట్లగును. అప్పటికి ఆ తొట్టి ఒక్క చేపకే సరిపోవును.

గప్పీ చేపలైనచో అదే తొట్టిలో 15 సుఖముగా ఉండును. కాని అవి ఇంచుమించు నెలకొకమారు పిల్లలను పెట్టును గనుక, మగచేపలను మాత్రమే ఏరి తెచ్చుకొననిచో లెక్క మరల మొదటికి వచ్చును.