తైలవర్ణాలతో ముఖచిత్రం: ముందు వెలుగునీడలు, తరవాత రంగులు

తైలవర్ణాలతో మొదటిసారి ముఖచిత్రం వేయబోయేవారు సాధారణంగా అడిగే ప్రశ్న, చర్మపు రంగు ఎలా కలపాలి అని. సంప్రదాయ పద్ధతిలో ఈ ప్రశ్న రెండో దశలో వస్తుంది. ముందుగా ముఖంలో ఏ భాగం వెలుగులో ఉందో, ఏది నీడలో ఉందో ఒకే రంగుతో తేల్చుకోవాలి. దీన్ని అడుగుపూత అందాం.

రా అంబర్ అనే గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి, కాన్వాసు మీద గీసుకున్న ముఖమంతా పూయండి. గదిలోకి గాలి బాగా రావాలి. వెలుగు పడే నుదురు, ముక్కుదూలం, చెంపల దగ్గర గుడ్డతో తుడిచివేయండి. నీడలు మిగులుతాయి. అంబర్‌లోని మాంగనీసు వల్ల ఈ రంగు త్వరగా ఆరుతుంది. లియొనార్డో డావిన్సీ అసంపూర్తిగా వదిలేసిన ‘సెయింట్ జెరోమ్’ (వాటికన్) చిత్రంలో ఈ దశను చూడవచ్చు. తల చాలావరకు గోధుమ ఛాయల్లోనే ఉంది. అయినా ఎముకల నిర్మాణం, మెడ కండరాలు, ముఖంలోని వేదన స్పష్టంగా తెలుస్తాయి. అడుగుపూత కుదరకపోతే పైన ఎంత మంచి రంగులు వేసినా ముఖం చదునుగానే ఉంటుంది.

ఇక పై పూతలు. నీటిరంగులు నీరు ఆవిరై ఆరుతాయి. అవిసె నూనె అలా ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పూత నెమ్మదిగా ఆరుతుంది. దాని మీద నూనె తక్కువున్న పూత వేస్తే, పైపొర ముందే బిగుసుకుంటుంది, కింది పొర ఇంకా కదులుతూనే ఉంటుంది. దాంతో చిత్రం బీటలు వారుతుంది. అందుకే కింద నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ అనే నియమం పాటిస్తారు. మరో జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకోవచ్చు. విప్పి ఆరబెట్టండి.

చర్మపు రంగుకు నాలుగు ట్యూబులు చాలు: ఎల్లో ఓకర్, ఎరుపు, నలుపు, తెలుపు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860-1920) పేరుతో ఈ వర్ణసముదాయం ప్రసిద్ధం. ఆయన వాడిన వెర్మిలియన్‌లో పాదరసం ఉంటుంది. దాని బదులు మీరు కాడ్మియం ఎరుపు వాడవచ్చు. ‘ఫ్లెష్ టింట్’ పేరుతో అమ్మే గులాబీ రంగు ట్యూబు మాత్రం కొనవద్దు. అది తెల్లవారి చర్మాన్ని ఊహించి చేసినది, మన ముఖాలకు నప్పదు. చామనఛాయకు ఓకర్, ఎరుపు కలిపి, కొద్దిగా నలుపు చేర్చి చూడండి. తెలుపును చివరికి ఉంచండి. నల్లని మేనిపై మెరుపు పడిన చోట రంగు కాస్త నీలిగా కనిపిస్తుంది. నలుపు, తెలుపు కలిపిన బూడిద రంగు అక్కడ సరిగ్గా సరిపోతుంది.

అభ్యాసం: ఇంట్లో ఒకరిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, అడుగుపూత మాత్రమే మూడుసార్లు, మూడు వేర్వేరు కాన్వాసుల మీద వేయండి. నాలుగోదానికి రంగులు తెరవండి.