మంచుకొండలకు ముందుసన్నాహము

మన శ్రీకాకుళ విజయనగర మండలములలో మంచు అనగా ధనుర్మాసపు వేకువజామున నాగావళీ వంశధారల గట్టులను, కోసిన వరిచేలను కప్పివేసి, ఎనిమిది గంటల వేళకు ఎండ తగులగనే విడిపోవునట్టిది. ముంగిట ముగ్గు పెట్టు ఆడుదాని కొంగుచివర తడుపునట్టిది. హిమాలయములపై నిలువెత్తున పేరుకొని నెలల తరబడి నిలుచు గట్టి హిమమునకును మన భాష ఆ మాటనే వాడుచున్నది. అందుచేత ఇంటి ఆడపిల్ల "మంచు మీద జారుట నేర్చుకొందును" అనినంతనే పెద్దవారికి స్ఫురించునది పడిసెము, దగ్గు, శొంఠి కషాయము.

అయినను ఆ కోరిక మన ఇండ్లలోనికి వచ్చియే యున్నది. అమెరికాలో కాపురమున్న అక్కచెల్లెండ్రు తమ బిడ్డలు కాళ్లకు పలకలు బిగించుకొని తెల్లని వాలుమీద దిగుచున్న చిత్రములను పంపుచున్నారు. ఇక్కడి పిల్లలు చూచి ఊరకుండరు. "ఎందుకే ఆ మంచులోకి? కాలో చెయ్యో ఇరిగితే రేపు పెళ్లెలాగవుతాది?" అని నానమ్మ అడుగును. "అన్నయ్య ఎల్తానంటే ఈ మాట అడగలేదు గదా నానమ్మా!" అని మనుమరాలు బదులు చెప్పును. ఇద్దరి మాటయందును నిజము కలదు. మనుమరాలి మాటకు ఆ ఇంట ఎవరును ఎదురు చెప్పజాలరు. నానమ్మ భయమును తేలికగా త్రోసివేయుటకును వీలులేదు. ఆషాఢములో తలపెట్టి, మాఘమాసము నాటికి దేహమును, సొమ్మును, సమాచారమును సమకూర్చుకొన్న ఆడుదానికి ఈ క్రీడ అందరానిది కాదని చెప్పుటకే ఈ వ్యాసము.

మన దేశపు స్త్రీలు దీనియందు కొత్తవారు కారు. 1988లో కాల్గరీ నగరమున జరిగిన శీతకాల ఒలింపిక్ క్రీడలలో షైలజా కుమార్ పాల్గొని, ఆ క్రీడలకు వెళ్లిన ప్రథమ భారతస్త్రీ యయ్యెను. 2006లో ట్యూరిన్ నగరమునకు నేహా అహూజా వెళ్లెను. 2018 జనవరిలో మనాలి ప్రాంతపు ఆంచల్ ఠాకూర్ టర్కీ దేశమున కాంస్యపతకము గెలిచి, స్కీయింగునందు అంతర్జాతీయ పతకమును మన దేశమునకు తొలిసారి తెచ్చెను. మంచు లేని సీమవారము మనకేల యందురా? ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీయందు 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ యైనది. నెల్లిమర్ల సమీపపు కొండవెలగాడలో నేటికిని ఆడపిల్లలు ఇనుప కడ్డీలతో సాధన చేయుచున్నారు. స్కీయింగునకు ముఖ్యముగా కావలసినది తొడలలోని బలము, నడుములోని నిలుకడ. ఆ రెండును మన నేలయందు కొదువ లేవు.

క్రీడ ఎట్టిదో కొంచెము చెప్పుదును. పాదములకు గట్టి బూట్లు తొడిగి, వానిని పొడవైన రెండు పలకలకు బిగింతురు. ఈ పలకలే స్కీలు. పడినప్పుడు కాలు మెలిపడక ముందే బిగింపు తనంతట విడిపోవలెను. ఆ బిగింపును మన బరువును, నేర్పును బట్టి సరిచేయుదురు. కావున బరువెంతయని అడిగినప్పుడు సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించి చెప్పరాదు. (మన వారిలో ఈ అలవాటు కలదు గనుక చెప్పుచున్నాను.) మొదటి దినములలో జారుటకన్న నడచుట, అడ్డముగా వాలెక్కుట, ప్రక్కకు పడుట, పడి లేచుటయే హెచ్చు. పిమ్మట స్కీల ముందుకొనలను దగ్గరచేసి, మడమలను వెడల్పుగా త్రోసి వేగము నాపుట నేర్పుదురు. మోకాళ్లు వంచి, దేహమును కొంచెము ముందునకు వాల్చి నిలుచుటయే దీనికి మూలము. నెలరోజులు వంగి, గొంతుకు కూర్చుండి పెద్ద రథపు ముగ్గులు పెట్టిన స్త్రీకి ఆ వంపు కొంత పరిచితమే.

నేర్చుకొనుటకు తగిన స్థలములు కొన్ని కలవు. కాశ్మీరమునందలి గుల్మార్గులో 1927లోనే స్కీ క్లబ్బు ఏర్పడినది. నేడచ్చట కేంద్ర పర్యాటకశాఖవారి స్కీయింగు, పర్వతారోహణ సంస్థ రెండు వారముల తరగతులు నడపుచున్నది. హిమాచలమున మనాలిలోని పర్వతారోహణ సంస్థయు, ఉత్తరాఖండమున ఔలియును మరి రెండు తావులు. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలలో కొన్ని ఔలియందే జరిగినవి. ఔలికి దిగువనున్న జోషీమఠములో నేల క్రుంగుటచే 2023 జనవరిలో ఆకాశమార్గపు తీగబండిని ఆపివేసిరి. అచ్చటికి పోదలచినవారు రోడ్డుమార్గము నమ్ముకొని యోచించుట మేలు. నా మట్టునకు, రెండు వారములు చూడక సరిగా నేర్చుకొనగోరువారు గుల్మార్గునే కోరదగును. ఒంటరిగా గైడును కుదుర్చుకొని ఒక పూట జారి, ఫొటో తీయించుకొని వచ్చుటకు ఇంత దూరము పోనక్కరలేదు.

ఎప్పుడు పోవలెను? ఇదియే కష్టమైన ప్రశ్న. కాశ్మీరులు డిసెంబరు 21 మొదలు నలుబది దినములను చిల్లై కలాన్ అందురు. మన ధనుర్మాసముతో ఇంచుమించు కలసి సాగు ఆ దినములలోనే హిమము విరివిగా పడవలెను. కాని హిమము వెనుకటివలె మాట నిలుపుకొనుట లేదు. 2024 జనవరిలో గుల్మార్గు బయళ్లు చాల దినములు ఎండుగడ్డితో బోసిపోయి యుండెను. 2025లో ఫిబ్రవరి 22న ప్రారంభము కావలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలను మంచు చాలక వాయిదావేసి, మార్చి 9 నుండి 12 వరకు జరిపిరి. సెలవులకై ఎదురుచూచి, చీటీ పాడుకొని, బిడ్డలను తల్లికి అప్పగించి పోయినవారికి పచ్చిక కనబడిన ఎట్లుండును! కావున సంక్రాంతి సెలవులను ఆశింపక, ఫిబ్రవరి రెండవ పక్షమును గురి పెట్టుకొనుట మంచిది. అప్పటికి పేరుకొన్న హిమము లోతుగా నుండుటకు అవకాశమెక్కువ. అయినను డబ్బు కట్టుటకు ముందు, తరగతి రద్దయినచో సొమ్ము తిరిగి వచ్చునా, మరొక తరగతికి మార్తురా యని వ్రాతమూలకముగా అడుగుట మరువరాదు.

అపాయములను దాచుట నాకిష్టము లేదు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గు పైనున్న అఫర్వత్ వాలుపై హిమపాతము విరుచుకొనిపడి ఇద్దరు పోలండు దేశీయులు మరణించిరి. అది ఆరితేరినవారు పోవు ఎత్తైన ప్రదేశము. కొత్తవారికి నేర్పు వాలులు ఊరిని అంటుకొనియే యుండును. నేర్పువాని మాట మీరి తాడు దాటి పోకుండుటయే ఇచ్చట రక్ష. 2025 ఏప్రిల్ 22న పహల్గాములో 26 మంది ప్రాణములు తీసిన దారుణమును మన ఇండ్లలో ఎవరును మరచియుండరు. అందుచే ప్రయాణమునకు ముందు ప్రభుత్వ ప్రకటనలను చూచుకొని, మనసు నిలువనిచో ఆ ఏటికి మనాలిని ఎన్నుకొనుట పిరికితనము కాదు.

ఇక దేహమును గూర్చి. మన మహేంద్రగిరి శిఖరము 1,501 మీటర్లు. గుల్మార్గు ఊరే దానికన్న వేయిమీటర్లకు పైగా ఎత్తున, సుమారు 2,650 మీటర్లలో నున్నది. సముద్రతీరమున పుట్టి పెరిగినవారికి మొదటి ఒకటి రెండు దినములు ఆయాసము, తలనొప్పి రావచ్చును. ఆ దినములు విశ్రమింపవలెను. అంతకన్న ముఖ్యమొకటి కలదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకన్న ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తము తక్కువగా నున్నవారికి ఎత్తైన చోట గాలి మరింత చాలదు. కావున శ్రావణములోనే రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందు మూడు నాలుగు నెలలు తీసికొన్నచో ప్రయాణము నాటికి గుణము కనబడును. ప్రయాణము సాగకపోయినను ఆ మందు వృథా పోదు.

మోకాలిలోని లిగమెంటునకు దెబ్బ తగులుట ఈ క్రీడలో పురుషులకన్న స్త్రీలకెక్కువ. దానికి తొడ కండరములను ముందే గట్టిపరచుటకన్న మంచి ఉపాయము లేదు. దినమునకు రెండు పర్యాయములు గోడకు వీపానించి, కుర్చీలో కూర్చున్నట్లు నిలుచుట, గుంజీలు తీయుట, వారమున కొకనాడు రామతీర్థపు కొండయో శాలిహుండమో ఎక్కి దిగుట చాలును. ఎక్కుటకన్న నెమ్మదిగా దిగుటయే తొడలకు అసలు సాధన. ఇంటిలో నలుగురు నవ్వుదురు; నాలుగు వారములు గడచిన పిదప కోడలితోపాటు అత్తగారును గోడకు ఆనుటను చూడవచ్చును.

వస్త్రముల విషయమున మనము కొత్తగా నేర్వవలసినది కలదు. పొందూరు ఖద్దరుకు మన ఎండలలో సాటి లేదు. మంచుమీద మాత్రము నూలుబట్ట శత్రువు. చెమటకు తడిసి ఆరక, దేహమును చల్లబరచును. ఒంటికి ఉన్నియో కృత్రిమపు నారయో గల పలుచని లోవస్త్రము, దానిపై ఉన్ని స్వెట్టరు, అన్నిటిపైన గాలిని నీటిని ఆపు కోటు, అట్టిదే పంట్లాము ధరింపవలెను. స్వెట్టర్లకు ఢిల్లీ దాక పోనక్కరలేదు. మన సరిహద్దున ఒడిశాలోని చంద్రగిరిలో 1960ల నుండి టిబెటు కుటుంబములు కాపురమున్నవి. చలికాలమున ఉన్నిదుస్తులమ్ముట టిబెటువారికి చిరకాలపు వ్యాపారము. స్కీలు, బూట్లు అచ్చటనే అద్దెకు దొరకును, కొనుట దండుగ. నల్లకండ్లజోడు, ముఖమునకు ఎండలేపనము మాత్రము మరువకుడు. కొత్త హిమము సూర్యుని అతినీలకిరణములలో నూటికి ఎనుబది వంతుల వరకు మరల పైకి త్రిప్పికొట్టును. చలిలో ముఖము కమలునని మనకు తోచదు.

ప్రయాణమునకు సమతా ఎక్స్‌ప్రెస్సు విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురముల మీదుగా ఢిల్లీకి పోవును. హిరాఖండ్‌కు కాక హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్సునకు టిక్కెట్టు తీసికొన్నచో శ్రీకాకుళం రోడ్డు, పలాసల మీదుగా అమృత్‌సర్ వరకు ఒకే బండిలో పోవచ్చును. 2025 జూన్ 6న కట్రానుండి శ్రీనగరమునకు రైలు ప్రారంభమయ్యెను. చీనాబు నదిపై 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన మీదుగా అది పోవును. శ్రీనగరమునుండి గుల్మార్గు సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మార్గు దాటిన తరువాత మంచు ఎక్కువైనచో బండిచక్రములకు గొలుసులు కట్టుదురు.

భోజనమునకు బెంగలేదు. కాశ్మీరులు మనవలె అన్నము తినువారే. మన కుంపటివంటి దానిని కాంగ్డీ యని అల్లికబుట్టలో పెట్టుకొని అంగీలోపల మోసుకొని తిరుగుదురు. అయినను ఆవకాయజాడి, సున్నుండలు లేక మన ఆడువారు గడప దాటరు గదా! కోటుజేబులో వేసికొనుటకు మాత్రము పలాస జీడిపప్పును మించినది లేదు. గడ్డకట్టదు, బరువు తక్కువ, బలమెక్కువ.

సొమ్మునకు ఆషాఢముననే వేరు చీటీ వేసికొనవలెను. ఇల్లాలి ప్రయాణమునకు ఇంటిఖర్చులో మిగిలినది చాలునను మాటను ఒప్పుకొనరాదు. మిగులుట ఎన్నడును ఉండదు. తరగతి రుసుము, ప్రయాణము, దుస్తులు, అద్దెలు, ప్రమాదభీమా వేరువేరుగా కాగితముపై వ్రాసి, ఆ కాగితమును భర్తయెదుటను పిల్లలయెదుటను ఉంచుట మంచిది. విజయనగరములో పైడితల్లి సిరిమాను తిరిగిన వారమున సంస్థవారి తరగతుల తేదీలను విచారింపుడు. 2024 నవంబరు నుండి రైలు టిక్కెట్లు అరువది దినములకు ముందు మాత్రమే ఇచ్చుచున్నారు. కావున ఫిబ్రవరి 20న బయలుదేరువారు డిసెంబరు 22 ప్రాంతమున, ముగ్గు ముగించి చేతులు కడుగుకొని, ఎనిమిది గంటలకు టిక్కెట్ల ద్వారము తెరచుచుండగనే సిద్ధముగా కూర్చుండవలెను.