విందునకు చల్లని పానీయములు

గోస్తనీ తీరమున తగరపువలసలో వేసవి పెండ్లికి వెళ్ళినవారికి ఎండ సంగతి వేరుగ చెప్పవలసిన పని లేదు. ఒకవైపు భీమునిపట్నపు ఉప్పుగాలి, మరొకవైపు జాతీయ రహదారి దుమ్ము. పందిటిలో అడుగిడిన అతిథి మొదట కోరునది విస్తరి కాదు, గుక్కెడు చల్లని పానీయము. దానిని సిద్ధపరచు విధమును ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మద్యము చేర్చిన మిశ్రమ పానీయమును పాశ్చాత్యులు కాక్‌టెయిల్ అందురు. కాని పలు రుచులను ఒక పాత్రలో పొందించు విద్య మనకు క్రొత్త కాదు. శ్రీరామనవమి పానకమే తార్కాణము: బెల్లపు తీపి, మిరియాల ఘాటు, ఏలకుల పరిమళము. వీనికి పులుపు, చిటికెడు ఉప్పు తోడైనచో విందు పానీయమునకు కావలసినదంతయు సమకూరినట్లే.

విందులలో ఒక లోపము మేము తరచు చూచుచున్నాము. మద్యము సేవించువారికి శ్రద్ధగా ఏర్పాట్లు జరుగును; సేవించనివారి చేతికి ఏదో యొక రంగునీటి సీసా అందును. వారిలో వృద్ధులు, పిల్లలు, గర్భిణులు, మధుమేహము కలవారు ఉందురు. ఎంతో కష్టపడి త్రాగుడు మానుకొన్నవారును ఉందురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఉద్యమించిరి. 1993లో సారా నిషేధము వచ్చినది. 1995లో అమలైన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది. చట్టములు మారుచుండును; మానుకొన్న మనిషి చేతిలో నలుగురి యెదుట ఏ గ్లాసు ఉండవలెనన్నది మాత్రము విందు చేయు గృహస్థు చూచుకొనవలసినదే.

ఇక విధానము. చక్కెర చల్లని నీట త్వరగా కరగదు. కావున గ్లాసు చక్కెరకు గ్లాసు నీరు పోసి కాచి, ముందునాడే పాకము చేసి ఉంచుకొనవలెను. చలువకు నాలుకపై తీపి తగ్గినట్లు తోచును. రుచిని చల్లబరచిన పిమ్మటనే సరిచూడవలెను. సోడాను వడ్డించునప్పుడే కలుపవలెను. ముందే కలిపిన చప్పబడును.

అల్లపు నిమ్మసోడాకు నిమ్మరసము ఒక పాలు, పాకము ఒకటిన్నర పాళ్ళు, సోడా నాలుగు పాళ్ళు. గ్లాసుకు అరచెంచా అల్లపురసము, చిటికెడు ఉప్పు. పచ్చిమామిడి పానకమునకు కాయలు ఉడికించి గుజ్జు తీసి, అంతే బెల్లము, వేయించిన జీలకర్రపొడి, మిరియాలపొడి, ఉప్పు కలిపి, నాలుగింతల చల్లని నీటితో పలుచన చేయవలెను. లేత కొబ్బరినీట తాటిముంజెల ముక్కలు, నలిపిన పుదీనా, కొద్దిగా నిమ్మరసము వేసిన చక్కెర అక్కరలేదు. మధుమేహము కలవారికి అల్లము, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ మేలు; రక్తపోటు కలవారికి అందు ఉప్పు తగ్గించవలెను.

ఇరువది మందికి మనిషికి రెండేసి గ్లాసుల చొప్పున, గ్లాసు 200 మిల్లీలీటర్లైన, 8 లీటర్లు కావలెను.

మంచు విషయమున జాగ్రత్త అవసరము. తీరపు ఊళ్ళలో చేపలు నిలువ చేయుటకు దొరకు మంచుదిమ్మ త్రాగుటకు తయారైనది కాదు. గడ్డకట్టినంత మాత్రమున నీటిలోని రోగక్రిములన్నియు చావవు. కాచి చల్లార్చిన నీటినే ఇంట గడ్డకట్టించుకొనవలెను. అంత వీలు లేనిచో, మూత గల పానీయపు పాత్రను మంచుదిమ్మల నడుమ నిలిపి వెలుపలినుండి చల్లబరచవలెను. కరిగిన నీరు లోపల పడనీయరాదు.

చివరి మాట. ఈ పానీయములను మూలనున్న బల్లపై కాక పందిటి నడుమ ఉంచుడు. మంచి గ్లాసులలో, అందరికంటె ముందు అందించుడు. అప్పుడు త్రాగుడు మానుకొన్న అతిథి ఎవరికిని సంజాయిషీ చెప్పుకొనవలసిన అవసరముండదు.