కొమ్ముకోనాం ముందు నిలిచిన రీలు

కొమ్ములాంటి పొడవాటి మూతి ఉండే కొమ్ముకోనాం చేప గాలానికి చిక్కిన మొదటి నిమిషంలోనే దాన్ని లాగెయ్యాలని చూస్తే పని చెడుతుంది. వంద కిలోల చేప తల విదిల్చి పరుగందుకుంటే తాడైనా తెగాలి, చెయ్యైనా కోసుకుపోవాలి. విశాఖ తీరం నుంచి చిన్న బోట్లలో వేటకెళ్లే మనవాళ్లు ఈ సంగతి అరచేతులతోనే నేర్చుకున్నారు. చేప పరుగెడితే తాడు వదలాలి, అలిసి ఆగితే లాగాలి. ఎంత వదలాలో చెప్పేది వేళ్ల మధ్య తాడు ఒరుసుకునే మంటే. సంక్రాంతికి గాలిపటం ఎగరేసి దారం జారనిచ్చినవాళ్లకు ఆ మంట కొంత తెలుసు.

ఆ అరచేతి పనిని అందిపుచ్చుకున్న యంత్రమే ఇవాళ్టి రీలు.

నిజానికి రీలు చాలా పాతది. సుమారు 1195లో చైనా చిత్రకారుడు మా యువాన్ గీసిన బొమ్మలో, చలికాలపు సరస్సులో పడవ మీద కూర్చున్న జాలరి కర్రకు చిన్న చక్రం కనిపిస్తుంది. తాడు చుట్టుకోవడానికి అది చాలు. సముద్రపు చేపను ఆపడానికి చాలదు. 1898లో కాలిఫోర్నియా తీరాన కాటలీనా దీవి దగ్గర చార్లెస్ హోల్డర్ 83 కిలోల ట్యూనాను కర్ర, రీలుతో పట్టి, ఆ ఏడే అక్కడ ట్యూనా క్లబ్బు పెట్టాడు. అప్పటి రీలుతో పెద్ద చేపను పట్టడమంటే దెబ్బలు తినడమే. చేప తాడు లాక్కుపోతుంటే పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపులు చితక్కొట్టేది. బ్రేకు అంటే చుట్ట మీద తోలుముక్కను బొటనవేలితో అదిమిపట్టడమే.

ఈ బాధ తీర్చింది ఆ క్లబ్బువాడే అయిన విలియం బోషెన్ ఆలోచన. లోహపు బిళ్లలూ తోలు బిళ్లలూ మార్చి మార్చి పేర్చి రీలు లోపలే పెట్టారు. వాటిని బిగించడానికి పిడి అడుగున నక్షత్రం ఆకారంలో ఒక చక్రం. బ్రూక్లిన్‌లో రీళ్లు చేసే జూలియస్ వామ్ హోఫ్ దాన్ని తయారుచేసి ఇచ్చాడు. 1913లో బోషెన్ దాంతోనే 355 పౌండ్ల కత్తిచేపను పట్టాడు. కర్రా రీలుతో కత్తిచేప చిక్కడం అదే మొదలు.

నక్షత్రాన్ని బిగిస్తే బిళ్లలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. చేప లాగుడు ఆ పట్టును మించగానే బిళ్లలు జారతాయి, తాడు బయటికి పోతుంది, పిడి మాత్రం కదలదు. చేప బలమంతా రాపిడి వేడిగా మారి హరించుకుపోతుంది. చిక్కల్లా ఆ వేడితోనూ, మొదటి కుదుపుతోనూ. నిలిచి ఉన్న బిళ్ల కదలడానికి పట్టే బలం, జారుతూ ఉండడానికి పట్టే బలం కంటే ఎక్కువ. ఆ తేడా పెద్దదైతే తాడు మొదటి కుదుపుకే తెగుతుంది. తోలు పోయి కార్బన్ ఫైబర్ బిళ్లలు రావడానికి కారణం అదే: వేడిని తట్టుకుంటాయి, కుదుపు లేకుండా జారతాయి.

24 కిలోల బరువు మోసే తాడైతే, చివర స్ప్రింగు త్రాసు తగిలించి 8 కిలోల దగ్గర జారేలా బిగిస్తారు. మూడో వంతే ఎందుకంటే, తాడు పోయేకొద్దీ చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం సగమైతే, బిగింపు మార్చకపోయినా తాడు మీద లాగుడు రెట్టింపవుతుంది. తాడు అయిపోతోందని కంగారుపడి బిగించడమే కొత్తవాళ్లు చేసే పొరపాటు. అప్పుడు వదులు చెయ్యాలి. కొమ్ముకోనాం జాతి చేపలు గంటకు 110 కిలోమీటర్లు ఈదుతాయని పాత పుస్తకాలు రాశాయి గానీ, పరికరాలతో కొలిస్తే సెకనుకు పది మీటర్లకు అటూ ఇటూగా తేలింది. ఆ లెక్కనైనా 500 మీటర్ల తాడు నిమిషంలోపే ఖాళీ.

1953 ఆగస్టు 4న పెరూ తీరంలో ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ కొమ్ముకోనాం జాతిదే అయిన 707 కిలోల నల్ల మార్లిన్‌ను రీలుతోనే పట్టాడు. నల్ల మార్లిన్లలో ఆ బరువు రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఇవాళ అండమాన్‌లో చలికాలం వచ్చి సముద్రం నెమ్మదించగానే పర్యాటకుల బోట్లు ఈ రీళ్లతోనే బయలుదేరతాయి.

వినోదానికి పుట్టిన ఈ పరికరం అవసరం ఎక్కువగా ఉన్నది బతుకుదెరువు వేటకే అని నా నమ్మకం. 2022లో పరవాడ ప్రాంత మత్స్యకారుడొకరు కొమ్ముకోనాం పొడవడంతో ప్రాణం కోల్పోయారు. చేపను పూర్తిగా అలిసిపోనిచ్చి, దూరంలోనే ఉంచి, ఆ తర్వాతే బోటు దగ్గరికి తెచ్చే వీలు రీలు ఇస్తుంది. ఖరీదైన విదేశీ రీలే కానక్కర్లేదు. 1970లలో సమోవాలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చిన్న బోటు అంచుకు బిగించే చెక్క రీలును రూపొందించింది. దానికి నాలుగు రాపిడి బిళ్లలు చేర్చడం మన హార్బరు మెకానిక్కుకు పెద్ద పనేం కాదు.