తన మైకు తానే తెచ్చుకొనే వాద్యకారుడు

అమెరికాలోనూ యూరపులోనూ చిన్న చిన్న సంగీతశాలల గుమ్మంలో సాయంత్రంపూట తరచు కనిపించే దృశ్యమొకటి ఉంది. కచేరీకి ఇంకా గంట వ్యవధి ఉందనగా ఒక మనిషి నిలువెత్తు వాద్యాన్ని గుడ్డసంచిలో మోసుకొంటూ వస్తాడు. ఆ వాద్యం పేరు డబుల్ బేస్. వయొలిన్‌ను పోలిన తంత్రీవాద్యాలలో సాధారణంగా వాడుకలో ఉన్నవాటిలో అదే పెద్దది. నిలబెడితే సాధారణంగా వాయించేవాని తలను మించి ఉంటుంది. దాన్ని గోడవార జాగ్రత్తగా ఆనించి, ఊపిరి పీల్చుకొని, అతడు కోటు జేబులోనుంచి కళ్ళజోడు పెట్టె అంతటి డబ్బీ ఒకటి తీస్తాడు. అందులో వ్రేలెడంత మైకు, దానిని వాద్యానికి తగిలించే కొక్కెం, సన్నని తీగ ఉంటాయి.

వేదికమీద మైకులకు కొదువలేదు. ట్రంపెట్ ఊదేవారు చాలామంది శాలవారి మైకుతోనే సరిపెట్టుకొంటారు. డ్రమ్ముల చుట్టూ నాలుగైదు మైకులు ముందే నిలబెట్టి ఉంటాయి. బేస్ వాద్యకారునికి మాత్రం ఈ ప్రత్యేకత ఎందుకు? ఇది బింకం కాదు, చాదస్తమూ కాదు. దీని వెనుక ఎనభై ఏళ్ళ కథ ఉంది. తన వాద్యం తోటివారి హోరులో మునిగిపోకుండా ఉండాలని ఒక మనిషి పడిన తాపత్రయంతో ఆ కథ మొదలవుతుంది.

ముందుగా వాద్యం స్వభావాన్ని గ్రహించాలి. డబుల్ బేస్‌లోని నాలుగు తంత్రులలో లావుపాటిది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఒకటి శ్రుతిలో పాడే పురుష గాయకుని ఆధార షడ్జం సెకనుకు 131 కంపనలు. అతని మంద్ర షడ్జం 65. బేస్ స్వరం అంతకంటె లోతున, అనుమంద్రంలో ఉంటుంది. అంత లోతైన స్వరపు ధ్వనితరంగం గాలిలో ఎనిమిది మీటర్లకు పైగా పొడవుంటుంది. అంతటి తరంగాన్ని బలంగా పుట్టించాలంటే వాద్యం ఇప్పటి పరిమాణానికి ఎన్నోరెట్లు ఉండాలి. అలా చేస్తే దానిని మోసేవాడుండడు, వాయించే చెయ్యీ ఉండదు. కనుక వాద్యం చేసేవారు ఏనాడో రాజీపడ్డారు. అడుగు తంత్రిలో అసలు స్వరం బలహీనంగానే పలుకుతుంది. దానిపై పుట్టే అనుస్వరాలే మన చెవిని చేరుతాయి. వాటినిబట్టి అసలు స్వరాన్ని మెదడు తానే ఊహించుకొంటుంది. చిన్న ట్రాన్సిస్టరు రేడియోలో సైతం బేస్ వినబడినట్లు తోచడానికి కారణమిదే.

చెవి కూడా ఈ వాద్యానికి మిత్రురాలు కాదు. 1933లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతిని కొలిచి చూపించారు. మధ్యమస్థాయి స్వరమంత గట్టిగా వినిపించడానికి అడుగుస్థాయి స్వరానికి ఎన్నోరెట్లు శక్తి కావాలి. అందువల్ల మైకుసాయం అందరికంటె ముందు కావలసినది బేస్‌కే. ఆ సాయం చేయడం అన్నిటికంటె కష్టమైనదీ బేస్‌కే. మైకును దూరంగా పెడితే పక్కనున్న డ్రమ్ముల మోత బేస్‌కంటె ఎక్కువగా అందులో చేరుతుంది. మరీ దగ్గరగా పెడితే అడుగుస్థాయి ఉబ్బిపోయి గుమ్మనే హోరు తప్ప స్వరం తేలదు. సరే, ధ్వని పెంచుదామంటే, లౌడుస్పీకరు నుంచి వచ్చిన శబ్దం వాద్యపు విశాలమైన పొట్టను తాకి మళ్ళీ కదిలిస్తుంది. ఆ కదలిక తిరిగి మైకులోకి వెళుతుంది. క్షణంలో శాల అంతా ఒకే ఊళ. పెళ్ళిపందిట్లో మైకు కూయడం మనమెరుగుదుము; ఇదీ అదే, కాకుంటే కీచుమనదు, ఏనుగు ఘీంకరించినట్లుంటుంది.

మైకు లేని రోజుల్లో బేస్ వాద్యకారులు తంత్రిని వ్రేలితో గట్టిగా లాగి పలకమీద చటుక్కున కొట్టుకొనేలా వదిలేవారు. పేగుతో చేసిన తంత్రులు, వ్రేళ్ళ కొనలకు కాయలు. ఇంత చేసినా వారికి దక్కింది తాళం వేయడమే గాని పాట పాడడం కాదు. 1939లో డ్యూక్ ఎలింగ్టన్ తన వాద్యబృందంలోకి జిమ్మీ బ్లాంటన్ అనే యువకుణ్ణి తీసుకొన్నాడు. బ్లాంటన్ బేస్‌మీద గాయకుడిలా రాగం పలికించాడు. అతని విలువ తెలిసిన ఎలింగ్టన్ అతణ్ణి వెనుక వరుసనుంచి తెచ్చి ముందు నిలబెట్టాడు. క్షయవ్యాధితో 1942లో, ఇరవైమూడేళ్ళకే, బ్లాంటన్ కన్నుమూశాడు. కాని బేస్ కూడా పాడగలదని ఒకసారి విన్న లోకానికి ఆ మాట మరపురాలేదు. ఇక కావలసింది అది అందరికీ వినిపించే ఉపాయం.

ఆ ఉపాయం పన్నినవాడు ఎవరెట్ హల్. అతడు వృత్తిరీత్యా ఇంజనీరు కాదు, పియానో, బేస్ వాయించేవాడు. డబుల్ బేస్ నేలమీద నిలబడేది అడుగున ఉండే ఊచమీద; దానికి ఆంగ్లంలో పెగ్ అని పేరు. ఆ పెగ్ పైకొనకు మైకును అమర్చి, వాద్యం లోపలికి దూర్చితే ఎలా ఉంటుందని హల్ ఆలోచించాడు. చెక్కకు కొత్తగా రంధ్రం పెట్టనక్కరలేదు. తీగ పెగ్ గుండానే కిందికి వస్తుంది. మైకు పెట్టె కడుపులో దాగి ఉంటుంది గనుక పక్కవారి శబ్దం అంతగా చొరబడదు. 1946లో దీనికి పేటెంటు కోరాడు. మరుసటి ఏడు దక్కింది. ధ్వనిని పెంచే పెగ్ అన్న ఆంగ్లపదాలను కుదించి దానికి ‘ఆంపెగ్’ అని పేరు పెట్టాడు. దానికి తోడుగా ఆంప్లిఫయర్లు తయారు చేసి అమ్మాడు. శాలవారిచ్చే మైకుతో నిమిత్తం లేకుండా తన శబ్దపరికరాన్ని తానే మోసుకుపోయే బేస్ వాద్యకారుడు ఆ విధంగా అవతరించాడు.

హల్ ఆశయం ఒక్కటే. వాద్యం సహజంగా ఎలా పలుకుతుందో అలాగే, మరికొంత గట్టిగా పలకాలి. శబ్దం బొంగురుపోవడమంటే అతనికి గిట్టదు. రాక్ సంగీతమంటే అసలే గిట్టదు. అయితే కాలం అతని మాట వినలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ విద్యుత్ బేస్ గిటారును మార్కెట్టులోకి తెచ్చాడు. గిటారులాగా మెడకు తగిలించుకొనే ఆ పలకకు మైకుతోనే పనిలేదు. ఉక్కు తంత్రి కదలికను అయస్కాంతం నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. యువకులు దానివెంట పడ్డారు. 1967లో హల్ తన కంపెనీని అమ్మివేశాడు. రెండేళ్ళు తిరగకుండానే, 1969లో, అదే ఆంపెగ్ పేరుతో 300 వాట్ల భారీ ఆంప్లిఫయరు వెలువడింది. ఆ ఏడాది అమెరికాలో పర్యటించిన రోలింగ్ స్టోన్స్ బృందం దాని తొలి నమూనాలను వాడింది. ఒక వాద్యం కడుపులోని మెల్లని స్వరాన్ని కాపాడడానికి పుట్టిన పేరు క్రీడామైదానాలను దద్దరిల్లజేసే యంత్రానికి గుర్తయింది. ఇంతకంటె పరిహాసం ఉంటుందా?

డబుల్ బేస్‌ను విడువనివారి బాధ మాత్రం అలాగే మిగిలింది. వారికి తరువాతి ఆసరా స్ఫటికం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లోనే ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు. తంత్రుల బరువును మోసే బ్రిడ్జికి, అంటే మన వైణికులు గుర్రమని పిలిచేదానికి, అటువంటి చిన్న ముక్కను అతికిస్తే అది గాలిని కాక చెక్క కంపనాన్నే వింటుంది. ఊళ బెడద చాలావరకు తగ్గింది. 1970 తరువాత ఇది విరివిగా వ్యాపించింది.

మన వీణకు కూడా ఈ మార్గమే అక్కరకు వచ్చింది. మృదంగం పక్కన సన్నగా మోగే వీణను పెద్ద సభలో వినిపించడానికి నేడు పలువురు వైణికులు కాంటాక్టు మైకునూ, చిన్న ఆంప్లిఫయరునూ తామే వెంటబెట్టుకొని వెళుతున్నారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకం నిలవదు. ఆయన విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంట తంత్రులకు బదులు అయిదు ఒంటి తంత్రులు పెట్టుకొని కర్ణాటక సంగీతాన్ని దానిపై నిలిపారు. 2014లో ఆయన మరణించేదాకా ఆ వాద్యమే ఆయన గొంతు. అయితే నాదం చెక్కలోదా, తీగలోదా అన్న వివాదం మన సభల్లోనూ లేకపోలేదు.

బేస్ విషయంలో ఆ వివాదం మరింత ముదిరింది. స్ఫటికం చెక్కను వింటుంది, నిజమే. కాని శ్రోత చెక్కకు చెవి ఆనించి వినడు, గాలిగుండా వింటాడు. వ్రేలు తంత్రిని తాకిన మెత్తని సవ్వడి, పెట్టెలోని గాలి నిట్టూర్పు, ఇవేవీ స్ఫటికానికి అందవు. 1970లనాటి ఎన్నో జాజ్ రికార్డులలో బేస్ రబ్బరు సాగదీసినట్లు పలకడం గమనించవచ్చు. 1980ల చివరలో నిర్మాత డెల్‌ఫేయో మార్సాలిస్ ఇందుకు ఎదురుతిరిగి, తన రికార్డుల అట్టలమీదనే ప్రకటించాడు: బేస్‌లో చెక్కగుణం కోసం నేరుగా తీగ కలిపే పద్ధతిని తాము విసర్జించామని. అంటే, మళ్ళీ మైకు.

రికార్డింగు గదిలో నిశ్శబ్దం ఉంటుంది కనుక అది సులభం. వేదికమీద మాత్రం పాత చిక్కులన్నీ అక్కడే కాచుకొని ఉన్నాయి. వాటికి వాద్యకారులు కనిపెట్టిన చిట్కాలు చూస్తే ముచ్చటేస్తుంది. మామూలు మైకుకు స్పాంజి చుట్టి, బ్రిడ్జి కింద, తంత్రులను పట్టి ఉంచే చెక్కముక్కకూ పొట్టకూ మధ్య ఇరికిస్తారు. స్పాంజి దొరకనినాడు చేతిరుమాలే గతి. ఇటీవలి కాలంలో వాద్యానికే తగిలించుకొనే చిన్న మైకులు వచ్చాయి. వాద్యకారుడు ఊగినా, తిరిగినా మైకు వానితోనే కదులుతుంది. తంత్రికీ మైకుకూ దూరం మారదు. ఏ అంగుళంలో పెడితే తన వాద్యం బాగా పలుకుతుందో అతడు నెలల తరబడి ఇంట్లో పరీక్షించి తెలుసుకొంటాడు. ఆ జ్ఞానమే అసలు ఆస్తి. శాలవారి మైకు ఎంత ఖరీదైనదైనా ఆ అంగుళం సంగతి దానికి తెలియదు.

చాలామంది రెంటినీ కలుపుతారు: అడుగుస్థాయికి స్ఫటికం, పైస్థాయికి మైకు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. చెక్కలోని కంపనం స్ఫటికాన్ని ముందు చేరుతుంది, గాలిలోనిది మైకును క్షణకాలం ఆలస్యంగా. ఒకటి పైకి లేచేవేళ రెండవది కిందికి దిగితే రెండూ కొట్టుకుపోయి, ఉన్న బేస్ కాస్తా మాయమవుతుంది. ఒక మీట తిప్పి రెంటిలో ఒకదానిని తలకిందులు చేస్తే చాలా సందర్భాల్లో పోయిన స్వరం తిరిగి వస్తుంది. తెలియనివానికి ఇది గారడీ.

విద్యుత్ బేస్ వాయించేవారిలో కూడా ఈ అలవాటు లేకపోలేదు. సాధారణంగా ఇంజనీరు వారి గిటారునుంచి తీగను సరాసరి తన బల్లకు కలుపుకొంటాడు. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ వాయించిన సుప్రసిద్ధమైన బేస్ స్వరాలు అలా రికార్డయినవే కనుక ఆ పద్ధతిని తీసివేయడానికి వీలులేదు. కాని స్పీకరు గరగర కూడా తన స్వరంలో భాగమేనని నమ్మేవాడు స్పీకరు ముందు మైకు కావాలంటాడు. శాలవారి మైకు గాయకుని గొంతుకోసం చేసినదై ఉంటుంది. ఇక ఇతడు సొంతది తీస్తాడు. అలా తీసేవాటిలో 1968లో వచ్చిన ఎలెక్ట్రో-వాయిస్ ఆర్‌ఇ20 ఒకటి. రేడియో ప్రసారకుల అభిమాన మైకు బేస్ స్పీకరు ముందు కూర్చోవడం వింతే. వాయిస్తూ పాడేవారి బాధ వేరు. వారి స్థానం తరచు డ్రమ్ముల పక్కనే గనుక, పక్క శబ్దాన్ని వినని మైకు వారికి అవసరం. 2020లో కోవిడ్ వచ్చాక, నలుగురు నోరు పెట్టిన మైకును ముట్టడమెందుకని గాయకులలో కూడా ఎందరో సొంతవి కొనుక్కున్నారు.

ఇక ఇంజనీరు పక్షం. ఒకే సాయంత్రం అయిదారు బృందాలు వాయించే ఉత్సవంలో బృందానికీ బృందానికీ మధ్య అతనికి దొరికేది పావుగంట. ఆ తొందరలో ఎవరో ఎన్నడూ చూడని మైకు చేతికిచ్చి, దీనికి 48 వోల్టుల విద్యుత్తు తీగగుండా పంపాలంటే అతనికి చిరాకు కలగడంలో తప్పులేదు. ఆ మైకు ఊళ వేస్తే శ్రోతలు తిట్టేది వాద్యకారుణ్ణి కాదు, అతణ్ణే. ఇంటిగదిలో తేనెలా పలికిన మైకు వేయిమంది సభలో పనికిరాకపోవచ్చునని అతడనడమూ నిజమే. అయినా మొత్తంమీద వాద్యకారుని వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది. ఇంజనీరు ఆ వాద్యాన్ని విన్నది పావుగంట. అతడు విన్నది జీవితమంతా.

అనుభవజ్ఞులు కయ్యానికి దిగరు. మైకుతోపాటు స్ఫటికం తీగను కూడా అందించి, ఊళ వస్తే మైకు తగ్గించి దీనితో నడపమని చెబుతారు. తమ తీగను తామే తెచ్చుకొంటారు. అదనంగా ఒక బ్యాటరీ ఉంచుకొంటారు. కచేరీకి కొన్ని రోజుల ముందే, వేదికపై ఎవరెక్కడ నిలబడతారో, ఎవరికి ఏ మైకు కావాలో తెలిపే కాగితం శాలకు పంపడం ఆనవాయితీ. అందులో బేస్ ఎదుట ‘మైకు మాదే, 48 వోల్టులు చాలు’ అని రాస్తారు. ఆ కాగితాన్ని ఇంజనీరు చదివినదీ లేనిదీ ఆనాటి సాయంత్రం మొదటి తంత్రి మీటగానే తెలిసిపోతుంది.