మీకు తెలుసా? విశాఖకు ఢిల్లీ ఎంత దూరమో రంగూన్ అంతే!

విశాఖ జాలరిపేట ఒడ్డు నుంచి ఢిల్లీకి తిన్నగా గీత గీస్తే సుమారు 1,360 కిలోమీటర్లు. అదే ఒడ్డు నుంచి తూర్పుగా, బంగాళాఖాతం మీదుగా గీస్తే బర్మాలోని రంగూన్ (నేటి యాంగూన్) కూడా దాదాపు అంతే! తేడా పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. ఢిల్లీ విమానానికి రెండు గంటల పైచిలుకు పడుతుంది. రంగూన్‌కు నేరుగా విమానం ఉంటే దానికీ అంతే పట్టాలి. లేదు గనక వేరే నగరంలో దిగి మారాల్సిందే. రంగూన్‌లో గడియారం మనకన్నా గంట ముందుంటుంది.

విమానాలు లేని రోజుల్లో ఈ దారి మనవాళ్లకు బాగా అలవాటు. ఉత్తరాంధ్ర కూలీలు ఓడెక్కి ‘రంగం’ (రంగూన్) వెళ్లి రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. గంటకు 20 కిలోమీటర్లు నడిచే ఆవిరి ఓడకు అది దాదాపు మూడు రోజుల ప్రయాణం. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. ఓడ దొరకని వేలాదిమంది అడవుల గుండా కాలినడకన వెనక్కి బయల్దేరారు. ఎందరో దారిలోనే ప్రాణాలు విడిచారు. ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖ మీదా పడ్డాయి.

1962 తర్వాత బర్మా సైనిక పాలనలో ఆస్తులు పోగొట్టుకుని వచ్చినవారిలో కొందరు స్థిరపడిన చోటే విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు.